విమానయాన క్షేమము - పత్రికాధర్మము

పత్రిక ప్రజలకు కన్ను వంటిదని పెద్దలు చెప్పుదురు. కన్ను చూడకున్నచో ఒక కీడు. ఉన్నదానిని ఉన్నంత పరిమాణమున చూడలేకున్నచో మరియొక కీడు. త్రాటిని చూచి పామని కేకవేయువాడు ఊరిని ఒకనాడు నిదురలేపగలడు. నాలుగు పర్యాయములట్లు కేకవేసిన పిదప నిజముగా పాము వచ్చిననాడు ఎవ్వరును లేవరు. విమానయాన విషయమున మన దినపత్రికలును, టెలివిజను వార్తాసంస్థలును కొంతకాలముగా ఈ రెండవ కీడునకు లోనైనవని చెప్పక తప్పదు. ఇది కేవలము వార్తలు వ్రాయు తీరునకు సంబంధించిన విషయమైనచో ఉపేక్షింపవచ్చును. కాని ఇందు ప్రాణములు ఇమిడియున్నవి.

2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదునుండి లండనునకు బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము నేల విడిచిన కొలది క్షణములలోనే ఒక వైద్యకళాశాల వసతిగృహముపై కూలెను. విమానమునందున్న 242 మందిలో ఒక్కడు మాత్రమే బ్రతికి బయటపడెను. నేలపైనున్నవారిలో 19 మంది మరణించిరి. మొత్తము 260 ప్రాణములు పోయెను. బోయింగు 787 తరగతి విమానము 2011లో ప్రయాణికుల సేవకు వచ్చిన పిదప ప్రాణనష్టము కలిగిన మొదటి ప్రమాదమిదియే. దేశమంతయు దుఃఖించెను. గగనమార్గమున కలుగు శోకము తెలుగువారికి క్రొత్తది కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు నాటి కృష్ణాజిల్లా కైకలూరు సమీపముననే హెలికాప్టరు కూలి అసువులు బాసిరి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారిని నల్లమల అడవి పొట్టనబెట్టుకొనెను. కావున అహమ్మదాబాదు వార్త విన్ననాడు మన ఊళ్లలో పొయ్యి రాజని ఇండ్లున్నవన్నచో అందు ఆశ్చర్యము లేదు. నందిగామ, జగ్గయ్యపేట, వత్సవాయి ప్రాంతములనుండి బిడ్డలను అమెరికాకును, గల్ఫు దేశములకును పంపిన తలిదండ్రులు నేడు వేలకొలది కలరు.

ఆ దుఃఖము తగినదే. కాని ఆ పిదప జరిగిన దేమి? ఒక విమానము ఏదో దీపము వెలిగినందున బయలుదేరినచోటికే మరలి వచ్చినను వార్త; వర్షములో దిగబోయి మరల పైకి లేచినను వార్త; పక్షి తగిలినను వార్త; చక్రములో గాలి తగ్గినను వార్త. ప్రతి వార్తకును ఒకటే శీర్షిక: తృటిలో తప్పిన పెనుముప్పు, గాలిలో దీపమైన ప్రాణములు. లోపలి వాక్యములు చదివినచో ప్రయాణికులందరును క్షేమముగ దిగి మరియొక విమానములో వెడలిపోయిరని యుండును. శీర్షిక చదివినవారు నూరుగురైనచో లోపలి వాక్యములు చదువువారు పదిమంది. మిగిలిన తొంబది మందికిని మిగులునది భయము మాత్రమే.

భయమునకు ఆధారమున్నదేమో లెక్క చూతము. అంతర్జాతీయ విమాన రవాణా సంఘము లెక్క ప్రకారము 2024లో ప్రపంచమున సుమారు 4 కోట్ల 6 లక్షల విమానయానములు జరిగెను. అందు ప్రాణనష్టము కలిగిన ప్రమాదములు ఏడు. మరణించిన ప్రయాణికులును సిబ్బందియు 244 మంది. మన దేశమున 2010 నుండి 2025 వరకు ప్రయాణికుల విమానసంస్థలకు ప్రాణనష్టము కలిగించిన ఘోర ప్రమాదములు మూడు. 2010 మే 22న మంగళూరులో 158 మంది, 2020 ఆగస్టు 7న కోళిక్కోడులో 21 మంది, 2025లో అహమ్మదాబాదులో 260 మంది. వెరసి 439 మంది. ఇక రోడ్ల మాట. 2022వ సంవత్సరమున భారతదేశపు రోడ్లపై 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర రహదారుల శాఖయే ప్రకటించెను. అనగా దినమునకు సుమారు 462 మంది. పదునారేండ్ల విమాన ప్రమాదములలో పోయిన ప్రాణములకంటె ఒక్క దినమున రోడ్డుపై పోవు ప్రాణములు ఎక్కువ. రోడ్డుపై తిరుగువారు విమానమెక్కువారికంటె ఎన్నో రెట్లు అధికులనుట నిజమే. కావున ఈ రెండు లెక్కలను తక్కెడలో నేరుగ వేయరాదు. అయినను ఆ తారతమ్యమును మరుగుపరచుటకు ఏ తక్కెడయు చాలదు.

దూరమెందులకు? హైదరాబాదు విజయవాడల నడుమ జాతీయ రహదారి మన జగ్గయ్యపేట, చిల్లకల్లు, నందిగామల మీదుగనే పోవుచున్నది. 2017 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున, భువనేశ్వరమునుండి హైదరాబాదునకు పోవుచున్న బస్సు పెనుగంచిప్రోలు మండలము ముళ్లపాడువద్ద రెండు వంతెనల నడుమ పడిపోయెను. పదిమందికి తక్కువ కాక ప్రాణములు కోల్పోయిరి. కొన్ని దినములు పెద్ద అక్షరములతో అచ్చయ్యెను, పిదప మరుగుపడెను. ఆ మార్గముననే ఆ పిదప ఒక్కరొక్కరుగ, ఇద్దరిద్దరుగ పోయినవారి వార్తలు జిల్లా పేజీలో మూలనున్న నాలుగు పంక్తులకు మించలేదు. విమానము కూలినచో విచారణకు ప్రత్యేక సంస్థ కలదు. రైలు పట్టాలు తప్పినచో రైల్వే భద్రతా కమిషనరు కలడు; ఆ కమిషనరు రైల్వేశాఖకు లోబడక పౌరవిమానయాన శాఖ క్రిందనుండుట గమనింపదగినది. రోడ్డుపై పోయిన ప్రాణమునకు పోలీసుల ప్రథమ సమాచార నివేదికయు, నష్టపరిహార న్యాయస్థానములో ఏండ్ల తరబడి వాయిదాలును తప్ప, ఇట్టిది మరల జరుగకుండుటకేమి చేయవలెనని విచారించు స్వతంత్ర సంస్థ ఏదియు లేదు. నాలుగు పంక్తుల వార్తకు నాలుగు పంక్తుల విచారణ!

లెక్క తప్పిన భయము నిరపాయకరమైనదని తలపరాదు. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానములను ఆయుధములుగ ప్రయోగించిన ఘోరకృత్యము తరువాత, అచటివారనేకులు విమానములు మాని కార్లపై దూరప్రయాణములు చేసిరి. ఆ మరుసటి సంవత్సరమున ఆ కారణముచే రోడ్లపై అదనముగ మరణించినవారు సుమారు 1500 మంది యని జర్మను మనస్తత్వశాస్త్రజ్ఞుడు గెర్డ్ గిగరెంజరు లెక్కగట్టెను. మన ప్రాంతమునను ఆ నీతి వర్తించును. విమానమునకు జడిసి రాత్రి బస్సునెక్కువాడు తాను క్షేమమునకు పోవుచున్నానని తలచును. అపాయమునకు పోవుచున్నాడని శీర్షిక వ్రాసినవారు చెప్పరు.

అంతకంటె గొప్ప కీడు మరియొకటి కలదు. దిగబోయి మరల పైకి లేచుట, వాతావరణము బాగులేక వేరొక ఊరికి పోవుట, అనుమానము తోచి వెనుకకు మరలుట అనునవి అపాయములు కావు. అపాయమును తప్పించు సాధనములు. విమానము సరియైన ఎత్తున, సరియైన వేగమున, సరియైన వరుసలో రన్‌వేను సమీపింపనిచో దిగవద్దు, పైకి లేచి మరల రమ్మని శాస్త్రము పైలటును శాసించుచున్నది. మంగళూరులో జరిగినదేమి? కెప్టెను ప్రయాణములో చాలసేపు నిదురించెననియు, దిగువేళ విమానము ఉండవలసిన ఎత్తునకంటె మీదనుండెననియు, సహపైలటు ముమ్మారు పైకి లేపుమని హెచ్చరించెననియు, కెప్టెను వినలేదనియు విచారణ తేల్చెను. 158 మంది ఆహుతియైరి. కోళిక్కోడులోను అదియే కథ. వర్షములో, వెనుకగాలితో దిగి, రన్‌వే సుమారు సగము దాటిన పిదప విమానము నేల తాకెను. సహపైలటు మరల లేపుమనెను, లేపలేదు. మరునాటి ఉదయపు విమానమును నడుపుటకు ఆ ఊర కెప్టెనులు చాలినంతమంది లేకపోవుటయు ఆ నిర్ణయముపై పనిచేసెనని నివేదిక గుర్తించెను.

ఈ రెండు ఘోరములును మరల లేవని విమానములవలన జరిగినవి. అట్లుండ, మరల లేచిన విమానమును పట్టుకొని ప్రయాణికుల హాహాకారములని వ్రాయుట ఎట్టిది? అడుగు వెనుకకు వేసిన వివేకిని పిరికివాడని ఊరంతయు చాటుట వంటిది. పైలటును మనుష్యుడే. మరునాటి పత్రికలో తన విమానము పేరు నల్లని అక్షరములలో వచ్చుననియు, యజమానులు సంజాయిషీ అడుగుదురనియు వెరచి, ఒక్క పర్యాయము లేపవలసినచోట లేపకున్నచో ఆ పాపములో శీర్షిక వ్రాసినవారికి భాగము లేదా? సురక్షితముగ వెనుకకు వచ్చిన పైలటునకు పత్రికలు కృతజ్ఞత చెప్పవలెను. చెప్పలేకున్నచో మౌనము వహింపవలెను.

అట్లైనచో చిన్న సంఘటనలను అసలే వ్రాయరాదా యని ప్రశ్నింపవచ్చును. మా అభిప్రాయమది కాదు. దాచుట భయపెట్టుటకంటె ఘోరము. అంతర్జాతీయ నిబంధనలు ఇట్టివానిని మూడు తరగతులుగ విభజించినవి. మరణముగాని, తీవ్రమైన గాయముగాని, విమానమునకు పెద్ద నష్టముగాని కలిగినచో అది ప్రమాదము. ప్రమాదము జరుగుట కెంతయో అవకాశముండి తప్పినచో అది తీవ్ర సంఘటన. క్షేమముపై ప్రభావము చూపగల మిగిలినవి సంఘటనలు. ఈ మూటి భేదము తెలిసి వ్రాసినచో చిన్న సంఘటనయు గొప్ప పాఠము కాగలదు.

రెండు ఉదాహరణములు చాలును. 2024 జనవరి 5న అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్సు విమానము 177 మందితో ఆకాశమున నుండగా ప్రక్కగోడలోని తలుపు మూత ఊడిపోయెను. ఒక్కరును చనిపోలేదు. మరణములను మాత్రమే లెక్కించువారికి అది చిన్న వార్త. కాని విచారణలో ఆ మూతను పట్టియుంచవలసిన నాలుగు బోల్టులును కర్మాగారములోనే బిగింపకుండ విడువబడెనని తేలెను. ప్రపంచమున మిక్కిలి పెద్ద విమాన నిర్మాణసంస్థలలో నొకటైన బోయింగు పనితీరంతయు ప్రశ్నార్థకమయ్యెను. ఇది నిజముగ పెద్ద శీర్షికకు తగినది. రెండవది మన ఇంటివద్దది. 2021 ఫిబ్రవరి 20న దోహానుండి 64 మంది ప్రయాణికులతో గన్నవరమునకు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము క్షేమముగ దిగి, నిలుచు చోటికి పోవుచు రెక్కతో విద్యుద్దీప స్తంభమును గ్రుద్దెను. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. దానిని గాలిలో తప్పిన మృత్యువుగ వర్ణించుట అసత్యము; విమానము అప్పటికే నేలపై నున్నది. కాని అడుగదగిన ప్రశ్నలు లేకపోలేదు. విమానము గీత తప్పెనా? గీతయే తప్పుగ గీయబడెనా? దారి చూపువారెవ్వరు? స్తంభమును సరిదిద్దిరా? ఈ ప్రశ్నలడుగు వార్త పది పంక్తులైనను ప్రజోపకారము. అడుగని వార్త పేజీ నిండినను వ్యర్థము.

ఇక నేరారోపణ విషయము. అహమ్మదాబాదు ప్రమాదమైన నెలకు, 2025 జూలై 12న ప్రాథమిక నివేదిక వెలువడెను. విమానము నేల విడిచిన వెంటనే రెండు ఇంజనులకును ఇంధనమునందించు మీటలు ఒక్క సెకను తేడాతో ఆగిన స్థితికి మారెననియు, ఎందులకు ఆపితివని ఒక పైలటు అడుగగా తానాపలేదని రెండవయతడు చెప్పెననియు అందుండెను. ఎవరు, ఎట్లు, ఎందుచే అనుటకు ఆ నివేదిక తీర్పు చెప్పలేదు. అంతలోనే స్వదేశ విదేశ పత్రికలు కొన్ని, చనిపోయి బదులు చెప్పలేని పైలటుపై తీర్పు వ్రాయసాగెను. ఆ పైలటు వృద్ధుడైన తండ్రి సుప్రీముకోర్టు నాశ్రయింపవలసివచ్చెను. 2025 నవంబరులో ఆ నివేదికలో పైలటుపై నింద ఏదియు లేదని న్యాయమూర్తులు ఆయన నోదార్చిరి. విమాన ప్రమాద విచారణ యొక్క ఏకైక ప్రయోజనము మరల ప్రమాదము జరుగకుండ చూచుటయే గాని, నింద మోపుట కాదని అంతర్జాతీయ నిబంధన స్పష్టముగ చెప్పుచున్నది. సాక్ష్యము ముగియకుండ తీర్పు చెప్పు న్యాయాధిపతిని మనము సహింపము. సాక్ష్యమారంభము కాకమునుపే తీర్పు చెప్పు పత్రికను ఏల సహింపవలెను?

ఈ కోలాహలమువలన లాభము పొందునదెవ్వరు? శ్రద్ధ చూపవలసినవారే. ఊగిన విమానమును గూర్చి పత్రికలు వ్రాయుచుండ, ఊగుచున్న వ్యవస్థను గూర్చి వ్రాయుటకు చోటు మిగులదు. పౌరవిమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయములో మంజూరైన ఉద్యోగములలో దాదాపు సగము ఖాళీగ నున్నవని 2025లో పార్లమెంటు స్థాయీసంఘము ఆక్షేపించెను. విమానములను తనిఖీ చేయవలసిన చేతులే లేవన్నమాట. ఈ వార్త ఎన్ని పత్రికల మొదటి పుటలో వచ్చెను? 2014 జనవరిలో ఇట్టి కొరతలనే చూపి అమెరికా విమానయాన సంస్థ మన దేశమును రెండవ తరగతికి దించెను. అవమానము పొందిన పిదప క్రొత్తవారిని నియమించి, లోపములు దిద్దుకొని, 2015 ఏప్రిలులో మొదటి తరగతిని మరల సంపాదించితిమి. పరదేశమువాడు తరగతి తగ్గించినగాని మన ఇంటి కప్పు కారుచున్నదని మనకు తెలియదా? స్వరాజ్యమనగా మన లోపములను మనమే ముందుగ కనిపెట్టి మనమే దిద్దుకొనుట.

మరియొక నిదర్శనము. పైలటుల అలసటను తగ్గించుటకై వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచియు, రాత్రివేళ దిగుటలను ఆరునుండి రెంటికి తగ్గించియు నియమము చేయబడెను. ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము నడచిన పిదప అది 2025 జూలైలో కొంతయు, నవంబరులో మిగిలినదియు అమలులోనికి వచ్చెను. దేశములో అన్నిటికంటె పెద్దదైన ఇండిగో సంస్థ తగినంతమంది పైలటులను సిద్ధపరచుకొనలేదు. డిసెంబరులో వేలకొలది ప్రయాణములు రద్దయ్యెను. శంషాబాదులోను, ఇతరచోట్లను ప్రజలు నేలపై పండుకొనిరి. పత్రికలు పెట్టెల గుట్టలను, ఏడ్చు పిల్లలను చిత్రించెను, అదియు చేయవలసినదే. కాని ఆ గడబిడలో ప్రభుత్వమేమి చేసెను? ప్రాణరక్షణకై తెచ్చిన విశ్రాంతి నియమములలో కొన్నిటిని ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు సడలించెను. నియమము పాటింపనివానికి దండనగ నియమమునే సడలించుట ఏ ధర్మశాస్త్రములోను లేదు. నిదురమబ్బుతో దింపబడిన విమానము మంగళూరులో ఏమయ్యెనో తెలిసిన దేశము ఇట్లు చేయవచ్చునా? నిజమైన తృటిలో తప్పిన ముప్పు ఇట్టి ఉత్తరువులలో నుండును. దానికి ఛాయాచిత్రము లేదు గనుక శీర్షికయు లేదు.

కర్తవ్యమేమి? పత్రికలవారికి మా మనవి యిది. సంఘటన యే తరగతికి చెందినదో మొదటి వాక్యముననే తెలుపుడు. ఊహను ఊహ యని వ్రాయుడు. మొదటి దినమున చూపిన ఉత్సాహములో నాలవవంతు, ఏడాది తరువాత నివేదిక వెలువడిననాడు చూపుడు. మంగళూరు నివేదికను చదివిన విలేఖరులు మంగళూరు మంటలను చూపినవారిలో ఎందరు?

ప్రభుత్వమువారికి మా మనవి యిది. విమానయానశాఖ ఇటీవలి కాలమున తెలుగువారి చేతికి రెండు పర్యాయములు వచ్చినది. 2014లో విజయనగరము అశోక్ గజపతిరాజుగారును, 2024లో శ్రీకాకుళము రామమోహననాయుడుగారును ఆ బాధ్యతను స్వీకరించిరి. ఇది మనకు గర్వకారణమే. గర్వముతోపాటు అడుగు హక్కును కలదు. ప్రతి విచారణ నివేదికయు గడువులోపల వెలువడవలెను; అందలి సిఫారసులలో ఎన్ని అమలయ్యెనో, ఎన్ని అటకెక్కెనో ఏటేట పట్టికగ ప్రకటింపవలెను; తనిఖీ ఉద్యోగములు నింపవలెను; లోపమును తానై తెలిపిన పైలటును, మెకానికును దండింపరాదు. దాచినవానినే దండింపవలెను. ఆ శాఖ చేయు విచారణలో నాలవపాలైనను మన రహదారుల మరణములకు చేయునట్టి స్వతంత్ర సంస్థ నొకదానిని నెలకొల్పవలెను.

చదువరులకు మా మనవి చిన్నది. పఠనమందిరములో పత్రిక విప్పి విమానము పేరుగల శీర్షిక చూచినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఎవరికైన దెబ్బ తగిలినదా? విచారించునదెవ్వరు? ఆ విచారణ ఫలితము మనకెన్నడు తెలియును? మొదటి ప్రశ్నకు లేదని సమాధానము వచ్చినచో భయము మాని, తక్కిన రెండు ప్రశ్నలను పట్టుదలతో అడుగుడు. మన బిడ్డలు ఆకాశమార్గమున పోక తప్పని కాలమిది. వారిని కాపాడునది మన వెరపు కాదు. విమానము దిగిన మరునాడును, ఏడాదికిని, పదేండ్లకును అదే ప్రశ్నను విడువక అడుగు ప్రజలే వారిని కాపాడగలరు.